ఏ నంబరు? ఏ తారీఖు?

రండి, కూర్చోండి. టీ వస్తోంది. ఆ పళ్ళెం మాత్రం కాస్త ఇటు జరపనివ్వండి. అందులోవి చూడ్డానికి ఊడ్చి పారెయ్యాల్సిన చెత్తలా ఉంటాయి గానీ, బాయిలరు పక్కన పొడుగ్గా వెళ్ళే కడ్డీని పట్టి ఉంచే గుబ్బలు అవి. ఒక్కటి కింద పడిందంటే ఆ సాయంత్రమంతా టార్చిలైటు పట్టుకుని నేల మీద పాకడమే. ఈ వ్యసనం ఉన్నవాళ్ళందరికీ పాకడం బాగా వచ్చు.

వ్యసనం పేరు చెప్పలేదు కదూ? ఆవిరి ఇంజన్లకి నమూనాలు కట్టడం. "ఓహో, బొమ్మ రైళ్ళా!" అంటారు వచ్చినవాళ్ళు. అననివ్వండి, నేనేమీ నొచ్చుకోను. బొమ్మని చూసి "ఇదేమిటి?" అని అడిగితే "రైలింజను" అని చెప్తే సరిపోతుంది. నమూనాని మాత్రం రెండు ప్రశ్నలు అడగాలి. ఏ నంబరు? ఏ తారీఖు? ఈ రెండింటికీ జవాబు లేని నమూనా ఎంత ఖరీదైనా, ఎంత మెరిసినా బొమ్మ కిందే లెక్క. ఇవాళ్టి కబుర్లన్నీ ఆ రెండు ప్రశ్నల గురించే.

మనం ఎరిగిన ఇంజనుతోనే మొదలుపెడదాం. డబ్ల్యూపీ. పేరు తెలియకపోయినా మొహం చూస్తే పోల్చుకుంటారు. ముందుకి పొడుచుకొచ్చిన బుల్లెట్ ముక్కు, ముక్కు నడిమధ్య హెడ్‌లైటు, దాని చుట్టూ వెండి రంగు నక్షత్రం. మీలో అరవై దాటినవాళ్ళు ఏదో ఒక మెయిలు ముందో, ప్యాసింజరు ముందో దీన్ని చూసే ఉంటారు. కిటికీలోంచి తల బయటపెట్టి కంట్లో బొగ్గు నలుసు పడేసుకునీ ఉంటారు, "తల లోపల పెట్టు" అని పెద్దవాళ్ళ చేత తిట్లూ తినే ఉంటారు.

బ్రాడ్‌గేజి మీద ప్యాసింజరు బండ్లు లాగడానికి చేయించిన ఇంజను ఇది. అమెరికాలో బాల్డ్విన్ కంపెనీ కట్టిన మొదటి 16 ఇంజన్లు 1947లో వచ్చాయి. 7200 నుంచి 7215 దాకా వాటి నంబర్లు. అవి బాగున్నాయని తేలాక, కొన్ని మార్పులు చేసి ఆర్డర్ల మీద ఆర్డర్లు పెట్టారు. అమెరికా, కెనడా, స్కాట్లండ్, పోలండ్, ఆస్ట్రియా, చివరికి మన చిత్తరంజన్ — ఇన్ని చోట్ల తయారై, 1967కి మొత్తం 755 అయ్యాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఈ 755లో మీరు కడుతున్నది ఏది? "ఏదైనా ఒకటే కదండీ, అన్నీ డబ్ల్యూపీలేగా?" అంటారేమో. కాదు. బాల్డ్విన్ పంపిన మొదటి పదహారూ తరవాత వచ్చిన వాటితో పూర్తిగా కలవవు. ఫ్యాక్టరీని బట్టి, కట్టిన ఏడాదిని బట్టి చిన్న చిన్న తేడాలున్నాయి. అవి పుట్టుకతో వచ్చినవి. తరవాత వర్క్‌షాపుకి పోయినప్పుడల్లా ఇంకొన్ని వచ్చి చేరాయి. దీని బాయిలరు తీసి దానికి పెడతారు, దాని టెండరు, అంటే వెనక బొగ్గూ నీళ్ళూ మోసే బండి, తెచ్చి దీనికి తగిలిస్తారు. పక్కన రేకు పాడైతే కోసి పారేసి తిన్నగా ఉన్న రేకు వేస్తారు. ఇక షెడ్లవాళ్ళ సరదాలు సరేసరి. ముక్కు మీద నక్షత్రం ఒక షెడ్డులో ఒకలా ఉంటే ఇంకో షెడ్డులో ఇంకోలా ఉండేది. తమ షెడ్డు ఇంజను ఎదుటి షెడ్డు ఇంజను కన్నా అందంగా ఉండాలని ఇత్తడి తళతళలాడించి, రంగుల గీతలు గీయించి, పోటీలు పడేవాళ్ళు. అందుచేత "డబ్ల్యూపీ కడుతున్నాను" అంటే మాలో ఎవరూ ఒప్పుకోరు. నంబరు చెప్పాలి.

హర్యానాలో రేవాడీ షెడ్డు ఉంది. ఆవిరి ఇంజన్లని ఇప్పటికీ బతికించి ఉంచిన చోటు. అక్కడ 7161 నంబరు ఇంజను ఉంది. 1965లో చిత్తరంజన్‌లో పుట్టింది, ఇప్పుడు దాని పేరు అక్బర్. హిందీ సినిమాల్లో వేషాలు కూడా కట్టింది. అక్కడే 7200 కూడా ఉంది, అదే బాల్డ్విన్ కట్టిన మొట్టమొదటిది. ఇప్పుడు దాన్ని ఆజాద్ అంటారు. రెండూ డబ్ల్యూపీలే. అక్బర్ ఫోటోలు చూసి ఒళ్ళు కట్టి, దాని మీద 7200 అని నంబరు వేసేవాళ్ళు ఉన్నారు. జనం చప్పట్లు కొడతారు. తెలిసినవాడొకడు వచ్చి కళ్ళజోడు సవరించుకుంటాడు. ఇంగ్లండులో ఇలాంటివాళ్ళకి రివెట్లు లెక్కపెట్టేవాళ్ళని పేరు. తిట్టే అనుకోండి. కానీ ఈ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళలో ఆ తిట్టు వినగానే లోలోపల మురిసిపోనివాణ్ణి నేను చూడలేదు.

సరే, నంబరు తేలింది. రెండో ప్రశ్న ఇంకా గట్టిది. ఏ తారీఖు?

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ మనది కాదు, ఇంగ్లండుది. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే ఇంజను పేరు మీరు వినే ఉంటారు. నైజెల్ గ్రెస్లీ డిజైను, 1923లో డాంకాస్టర్ వర్క్‌షాపులో పుట్టింది. పుట్టినప్పుడు నంబరు 1472. మరుసటి ఏడాది వెంబ్లీ ఎగ్జిబిషన్‌కి పోయేటప్పటికి 4472. లండన్ నుంచి ఎడింబరోకి ఎక్కడా ఆగకుండా నడపాలని 1928లో దీనికి కొత్త టెండరు ఇచ్చారు. అందులోంచి సన్నటి నడవా ఉండేది. డ్రైవరూ ఫైర్‌మనూ సగం దారిలో అందులోంచి నడిచివెళ్ళి, పెట్టెలో కూర్చున్న రెండో జట్టుతో డ్యూటీ మార్చుకునేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఆకుపచ్చ ఒంటికి నల్లరంగు పూశారు. 1946లో ఒకసారి 502 అయింది, మళ్ళీ 103 అయింది. 1947లో కొత్త బాయిలరు పెట్టి ఏ1 తరగతిని ఏ3 తరగతి చేశారు. రైళ్ళు ప్రభుత్వం చేతికి వచ్చాక 60103. కొన్నాళ్ళు నీలం, తరవాత మళ్ళీ ఆకుపచ్చ. చివరి రోజుల్లో జంట పొగగొట్టం, 1961 ఆఖర్న పొగగొట్టానికి అటూ ఇటూ రెండు రేకు తెరలు. 1963లో డ్యూటీలోంచి తీసేస్తే, ఒక ప్రైవేటు ఆసామీ కొనుక్కుని మళ్ళీ 4472 చేసి, జంట గొట్టం పీకించి ఒంటి గొట్టం పెట్టించాడు. ఇప్పుడు అది యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియం సొత్తు, తిరిగి 60103.

చూశారా? ఒకే ఇంజనుకి ఎన్ని నంబర్లు, ఎన్ని రంగులు, ఎన్ని మొహాలో! ఇప్పుడు మీరు ఆకుపచ్చ రంగు వేసి, 4472 అని రాసి, రేకు తెరలు కూడా పెట్టారనుకోండి. పెట్టిన ప్రతి వస్తువూ నిజమే. అంతా కలిపితే మాత్రం, ఆ ఇంజను డ్యూటీ చేసిన నలభై ఏళ్ళలో అలాంటిది ఒక్క రోజు కూడా పట్టాల మీద నడవలేదు. అందుకే ముందు తారీఖు. జాతకం రాయాలంటే పుట్టిన వేళ ఎంత ముఖ్యమో, నమూనా కట్టడానికి అదంత ముఖ్యం. మా ఆవిడ అననే అంది: "పెళ్ళిరోజు గుర్తుండదు గానీ, ఎక్కడో ఇనుపముక్కకి కొత్త బాయిలరు పెట్టిన ఏడాది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తారు." మనం నోరు మూసుకున్నాం.

మన ఊళ్ళకి వద్దాం. విజయవాడలో నిలబడ్డ ఒక డబ్ల్యూపీని కడదామనుకున్నారు. టెండరు మీద ఏ అక్షరాలు రాస్తారు? "విజయవాడ అంటే సౌత్ సెంట్రల్ కదా" అని ఆ అక్షరాలు రాసేస్తే తొందరపడ్డట్టే. దక్షిణ మధ్య రైల్వే పుట్టింది 1966 అక్టోబరు 2న. అంతకు ముందు విజయవాడ దక్షిణ రైల్వేలో ఉండేది. సికింద్రాబాదు సంగతి వేరు. నిజాం కాలపు రైల్వే 1951లో మధ్య రైల్వేలో కలిసింది, అక్కణ్ణించి 1966లో ఇటు వచ్చింది. వాల్తేరు ఆగ్నేయ రైల్వే కింద ఉండేది. కాబట్టి 1960లో విజయవాడ ప్లాట్‌ఫారం మీద ఎస్‌.సి. అక్షరాలున్న ఇంజను నిలబెడితే, అది ఇంకా పుట్టని రైల్వే ఇంజను. రెండే రెండు అక్షరాలు, తప్పు మాత్రం ఆరేళ్ళది. వెనక నిలబెట్టే పెట్టెలు, స్టేషను బోర్డు మీద రాతలు, ప్లాట్‌ఫారం మీద మనుషుల బట్టలు కూడా ఆ తారీఖుకే కట్టుబడి ఉండాలి మరి.

అయితే సాక్ష్యం ఎక్కడిది? డ్రాయింగులున్నాయి. డ్రాయింగు ఎంత ముఖ్యమైనదైనా, ఫ్యాక్టరీ ఏం కట్టాలనుకుందో చెప్తుంది. ఇరవై ఏళ్ళ తరవాత షెడ్డులో ఫిట్టరు ఏ పైపుని ఎటు వంచాడో అందులో ఉండదు. ఎదురుగా ఇంజనే ఉంటే ఇంకేం కావాలి అనుకుంటాం. స్టేషన్ల ముందు, రైల్వే ఆఫీసుల ముందు గద్దె మీద నిలబెట్టిన పాత ఇంజన్లు చూస్తుంటాం కదా. కొలతలకి అవి బంగారం. టేపు పట్టుకుని వెళ్ళి, కాపలా మనిషిని మంచి చేసుకుని, చక్రం నుంచి చక్రానికి ఎంతో, మెట్టు నుంచి మెట్టుకి ఎంతో రాసుకోవచ్చు. రూపానికి మాత్రం వాటి మాట నమ్మకూడదు. ఇత్తడి భాగాలు ఎప్పుడో మాయమై ఉంటాయి. పోయిన చోట ఎవరో తోచినది అతికించి ఉంటారు. ఏటేటా ఆగస్టు పదిహేను ముందు పూసిన రంగు పొరలు పొరలుగా పేరుకుని రివెట్లని మింగేసి ఉంటాయి. సర్వీసులో నల్లగా తిరిగిన ఇంజనుకి ఎర్ర చక్రాలూ నీలం టెండరూ కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

మిగిలింది ఫోటో. ఫోటోలో తారీఖు ఉంటుంది, ఆ తారీఖున ఉన్న పైపులుంటాయి, అంటిన మసి ఉంటుంది. దానికీ ఒక చిక్కుంది. ఇంజనుని ఫోటో తీసేవాళ్ళలో నూటికి తొంభైమంది ముందు నుంచి, కాస్త పక్కకి నిలబడి తీస్తారు. అందంగా ఉండేది అటే మరి. టెండరు వెనక వైపు ఎవరికి కావాలి? అక్కడ నిచ్చెన ఎన్ని మెట్లదో, దీపం ఎక్కడుందో తెలియక నెలలకి నెలలు పని ఆపేసి కూర్చున్నవాళ్ళున్నారు. పైగా ఇంజనుకి కుడిపక్కా ఎడమపక్కా ఒకేలా ఉండవు. ఒక పక్క ఫోటో దొరికింది కదా అని రెండో పక్క దాన్నే అద్దంలో చూసినట్టు తిప్పి కట్టేస్తే కథ అడ్డం తిరుగుతుంది.

టీ చల్లారుతోంది, తాగండి. ఇక చేతిపనిలోకి వద్దాం.

అంతా కుదించడమే కదా, లెక్కేముంది అనిపిస్తుంది. లోకంలో ఎక్కువమంది వాడే స్కేలు హెచ్‌ఓ, అంటే అసలులో 87వ వంతు. దానికి పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. యూరప్, అమెరికాల్లో పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు గనక వాళ్ళకి అది అతికినట్టు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1676. దాన్ని 87తో భాగిస్తే పందొమ్మిదింబావు మిల్లీమీటర్లు వస్తుంది. ఆ కొలతకి పట్టాలు బజార్లో ఎవరూ అమ్మరు. దొరికే పట్టాల మీదే నిలబెడితే ఇంత పెద్ద ఇంజనూ కాళ్ళు దగ్గరగా ముడుచుకుని నిలబడుతుంది. ఇంగ్లండువాళ్ళది ఇంకో స్కేలు, డబల్ ఓ. అడుగుకి నాలుగు మిల్లీమీటర్లు. అందులో మన అయిదడుగుల ఆరంగుళాలు సరిగ్గా 22 మిల్లీమీటర్లు అవుతుంది. ఇంత చక్కటి అంకె దొరికిందని పొంగిపోయి, ఒక్కో స్లీపరూ అతికించుకుని సొంతంగా పట్టాలు పరుచుకునే మహానుభావులున్నారు. తమాషా ఏమిటంటే డబల్ ఓ పుట్టిన దేశంలోనే దానికి పట్టాలు కుదరవు. వాళ్ళకి 18.83 ఉండాలి, వాడేది మాత్రం 16.5. వాళ్ళ ఇంజన్లు ఒళ్ళు చిన్నవి. ఆ రోజుల మోటార్లు అందులో పట్టక, ఒళ్ళు పెంచి పట్టాలు అలాగే ఉంచేశారు. ఆ రెండు మిల్లీమీటర్ల గురించి అక్కడ మూడు తరాలుగా తగువులాడుకుంటున్నారు.

వంపు సంగతి అడగొద్దు. మన రైల్వేలో ఒక డిగ్రీ వంపు అంటే 1750 మీటర్ల రేడియస్. హెచ్‌ఓలో అది 20 మీటర్లు. అపార్టుమెంటులో పక్క ఫ్లాటు గోడ కొట్టి కలుపుకున్నా చాలదు. అందుకని అర మీటరు వంపులో తిప్పుతాం. ఆ తిప్పుడుకి ముందున్న చిన్న చక్రాల బోగీ సిలిండర్లకి కొట్టుకుంటుంది. ఎవరికీ కనపడని వెనక వైపు కాస్త ఆకురాయితో అరగదీసి సర్దుకుంటాం. ఇది మోసమే, ఒప్పుకుంటాను. కానీ రైలు తిరగాలి కదా!

బరువు లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. పొడుగు 87వ వంతైతే బరువు 87వ వంతు కాదు. పొడుగూ వెడల్పూ ఎత్తూ మూడూ తగ్గుతాయి గనక ఆరున్నర లక్షల వంతుకి పడిపోతుంది. నూరు టన్నుల ఇంజను నూటయాభై గ్రాములవుతుంది. అంత తేలికైతే చక్రాలు గిర్రున జారిపోతాయే గాని పెట్టెల్ని లాగవు. అందుకే బాయిలరు నిండా సీసం కూరుతాం. బయట ప్రతి రివెట్టూ నిజం, లోపలంతా సీసం.

ఇత్తడి రేకు, జర్మన్ సిల్వర్ రేకు మా ముడిసరుకు. జర్మన్ సిల్వర్‌లో వెండి రవ్వంత కూడా ఉండదు. రాగి, నికెలు, జింకు కలిపిన లోహం అది. టంకం బాగా పట్టుకుంటుంది గనక మాకు ఇష్టం. రేకు మందం మిల్లీమీటరులో మూడోవంతు, ఒక్కోచోట పావు వంతు. భాగాల ఆకారాలని యాసిడ్‌తో తినిపిస్తారు. మడత పడాల్సిన చోట సగం మందమే తినిపిస్తే, అక్కడ గీత ప్రకారం వంగుతుంది. రివెట్టు ఉండాల్సిన చోట వెనక వైపు చుక్కంత తినిపించి వదిలేస్తే, మనం సూదిమొనతో వెనక నుంచి నొక్కుకుంటే ముందు వైపు చిన్న బుడిపె లేస్తుంది. టెండరు ఒక్కదానికే వందల బుడిపెలు. ఆ వరస మధ్యలో ఒక్కటి పక్కకి జరిగినా, ఇక కంటికి అదే కనిపిస్తుంది.

టంకం పని మనవాళ్ళకి కొత్తా? కంసాలి వెలిగారం అద్ది ఊదుగొట్టంతో మంట ఊదడం చూస్తూ పెరిగినవాళ్ళమే. చిట్కా ఏమిటంటే ఒకే రకం టంకం వాడకూడదు. ముందు ఎక్కువ వేడికి కరిగేది, తరవాత తక్కువ వేడికి కరిగేది. లేకపోతే ఇక్కడ కొత్త పైపు అతికిస్తుంటే అక్కడ పాత మెట్టు ఊడి ఒళ్ళో పడుతుంది. 70 డిగ్రీలకే కరిగే టంకం కూడా ఉంది, టీ కన్నా చల్లన. మెత్తటి తెల్లలోహంతో పోసిన భాగాలకి అదే గతి. మామూలు టంకం పెట్టామా, ఆ భాగమే కరిగి చుక్కైపోతుంది.

విజిలు, సేఫ్టీ వాల్వు, ఇంజెక్టరు, కరెంటిచ్చే చిన్న జనరేటరు, ఇలాంటి గుండ్రటి వంకర భాగాలు రేకుతో రావు. మైనంతో రూపం చేసి, చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించేసి ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. మన ఆదిలాబాదు ఓజాలు డోక్రా బొమ్మలు పోసేది ఈ పద్ధతిలోనే. ఈ మధ్య కంప్యూటర్లో గీసి, యంత్రం మీద రెసిన్‌తో పొర మీద పొరగా అచ్చు తీసుకునే సౌకర్యం వచ్చింది. మన దేశపు ఇంజన్లకి కిట్లు దొరకడం కష్టం గనక మనలాంటివాళ్ళకి అది వరమే. అయితే యంత్రం మీరు గీసిందే పోస్తుంది. ఏ నంబరు, ఏ తారీఖు అని అది అడగదు, మీరే అడుక్కోవాలి.

చక్రాల దగ్గర మాత్రం ఓపిక కావాలి. డబ్ల్యూపీ పెద్ద చక్రం అయిదడుగుల ఏడంగుళాలు. దానికి రెండు సిలిండర్లు. కుడిపక్క క్రాంకూ ఎడమపక్క క్రాంకూ ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాలో ఉంటాయి. లేకపోతే రెండు పక్కలా పిస్టన్లు ఒకేసారి చివరికి చేరి, ఇంజను కదల్లేని చోట ఇరుక్కుంటుంది. నమూనాలోనూ మూడు ఇరుసులకీ ఆ 90 ఒకేలా కుదరాలి. ఒకటి కాస్త తేడా వచ్చినా కడ్డీలు పట్టేసి కుంటినడక నడుస్తుంది. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌కి మూడు సిలిండర్లు గనక అక్కడ తేడా 120 డిగ్రీలు. బజార్లో దొరికే నమూనాల్లో మాత్రం ఎక్కువగా 90కే పెట్టేస్తారు. ఎవరూ పట్టుకోలేరని ధీమా. రెండు పక్కల్నీ ఒకేసారి చూసే కళ్ళు మనిషికి లేవు కదా!

కళ్ళు మోసపోయినా చెవులు ఊరుకోవు. రెండు సిలిండర్ల ఇంజను చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగుసార్లు ఛుక్ అంటుంది, మూడు సిలిండర్లది ఆరుసార్లు. ఇప్పుడు నమూనాల్లో స్పీకరు పెట్టి చప్పుడు చేయిస్తున్నారు గనక ఈ లెక్క కుదరాలి. డబ్ల్యూపీ గంటకి 60 కిలోమీటర్లు పోతుంటే సెకనుకి పన్నెండు ఛుక్‌లు. పిల్లల పాటల్లో ఛుక్ ఛుక్ అని విడివిడిగా వినిపించేది బండి స్టేషన్లోంచి అప్పుడే కదిలేటప్పుడు మాత్రమే.

ఇందాకణ్ణించీ నేను చెప్పేవి కరెంటు మోటారుతో నడిచేవి. నిజంగా బొగ్గు మండించి, నీళ్ళు కాచి, ఆవిరితో నడిపే నమూనాలు కట్టేవాళ్ళది వేరే కులం. ఇంగ్లండులో 'మోడల్ ఇంజనీర్' అనే పత్రిక 1898 నుంచీ వాళ్ళకి ఆసరా. అందులో ఎల్.బి.ఎస్.సి. అనే కలం పేరుతో ఒకాయన 1920ల నుంచి దశాబ్దాల తరబడి రాసి, పెరటి షెడ్డులో చిన్న లేతు ఉన్న మామూలు మనుషుల చేత కూడా బాయిలర్లు కట్టించాడు. ఆ బళ్ళ మీద మనుషులు కూర్చుని తిరుగుతారు. వాళ్ళు మా రివెట్ల లెక్క చూసి నవ్వుతారు. నిప్పూ నీళ్ళూ స్కేలుకి కుదించడం ఎవరి వల్లా కాదు గనక, వాళ్ళకి నడక ముఖ్యం, రూపం తరవాత. మేము వాళ్ళని చూసి నవ్వం. కాస్త అసూయ పడతాం, అంతే.

ఇక రంగు. డబ్ల్యూపీ నలుపు కదా అని డబ్బాలో ఉన్న నలుపు పూసేస్తే, ఇంత చిన్న వస్తువు మీద అది చీకటి ముద్దై, కష్టపడి లేపిన రివెట్లన్నీ అందులో మునిగిపోతాయి. నలుపులో బూడిదరంగు కలపాలి. తరవాత మురికి. మురికి పట్టించడమూ ఒక విద్య. ఎక్కడ ఏ మురికి ఎందుకు పడుతుందో తెలియాలి. నీళ్ళలో సున్నం ఎక్కువున్న ఊళ్ళలో తిరిగిన ఇంజనుకి సేఫ్టీ వాల్వు కింద, బాయిలరు కడిగే మూతల కింద తెల్లటి చారలు దిగుతాయి. కడ్డీల దగ్గర నూనె జిడ్డు, దాని మీద దుమ్ము. కాబిన్ కిటికీ అంచు మాత్రం డ్రైవరు మోచెయ్యి రాసుకుని నున్నగా మెరుస్తుంది. టెండరులో బొగ్గుకి నిజమైన బొగ్గే పెట్టాలి, ఇంకేదీ ఆ మెరుపు ఇవ్వదు. సింగరేణి బొగ్గు ముక్క ఒకటి సంపాదించి నలక్కొడితే మీ జన్మకి సరిపోతుంది. నిజం బొగ్గు జానెడు పెళ్ళ మన స్కేల్లో రెండు మిల్లీమీటర్లు గనక, పొడి చేసెయ్యకుండా జల్లించుకోవాలి.

ఇంత చదివాక మీకొక అనుమానం రావాలి. మీటరు దూరంలో కూర్చుని ఈ నమూనాని చూడ్డమంటే, అసలు ఇంజనుని 87 మీటర్ల దూరం నుంచి చూడ్డంతో సమానం. అంత దూరం నుంచి రివెట్లు కనపడతాయా? కనపడవు. టెండరు వెనక నిచ్చెన మెట్లు లెక్కపెట్టగలమా? లేదు. మరి ఎందుకీ అవస్థ? నా సమాధానం ఒకటే. ఈ ఇంజన్లు మన దేశంలో మెయిన్ లైన్ల మీదనుంచి 1990ల మధ్యకల్లా వెళ్ళిపోయాయి. వందలకొద్దీ ఇంజన్లు తుక్కు కింద కోసేశారు. గద్దె ఎక్కి మిగిలిన కాసిన్నీ రంగుల పొరల కింద మారిపోతున్నాయి. ఫలానా నంబరు ఇంజను, ఫలానా తారీఖున, ఫలానా స్టేషన్లో ఇలా ఉండేది అని ఎవరో ఒకరు నిక్కచ్చిగా రాసిపెట్టాలి. రాయడం వచ్చినవాళ్ళు కాగితం మీద రాస్తారు, నాలాంటివాళ్ళు ఇత్తడి మీద రాస్తాం. రాసేదేదో తప్పుల్లేకుండా రాయాలి కదా, అందుకే ఆ మెట్ల లెక్క.

మెట్ల లెక్క మీ చేతుల్లో కూడా ఉంది. మీ నాన్నగారో తాతగారో రైల్వేలో చేసి ఉంటే, డ్రైవరో, ఫైర్‌మనో, షెడ్డులో ఫిట్టరో, ఇంట్లో ఒక పాత ఆల్బం ఉంటుంది. అందులో రిటైర్మెంటు రోజు దండలు వేసుకుని ఇంజను పక్కన నిలబడి దిగిన ఫోటో ఒకటైనా ఉంటుంది. దాన్ని చెదలకి వదిలెయ్యకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి, ఇంజను నంబరు, ఊరు, తారీఖు ఫోటో వెనక పెన్సిలుతో రాయించండి. పెన్నుతో వద్దు, సిరా ముందు వైపుకి దిగుతుంది. తారీఖు గుర్తు లేకపోతే ఏడాదైనా చాలు. ఇంజను వెనక నుంచి తీసిన ఫోటో గనక ఒకటి కనిపిస్తే, బాగా రాలేదని పక్కన పారెయ్యకండి. ముందు దాన్నే దాచండి.